ఒక్కటే పొరుగు

ఒకే ఒక్క దేశంతో భూసరిహద్దు ఉన్న దేశాలు చెప్పమంటే మా క్లాసులో పిల్లలు ముందుగా సింహళం అనేవాళ్ళు. మధ్యలో సముద్రం ఉంది కదే, దానికి అసలు పొరుగే లేదు అని నేను బల్ల మీద స్కేలుతో కొట్టేదాన్ని. తరవాత ఎవరో పోర్చుగల్ అనేవాళ్ళు, ఇంకెవరో డెన్మార్క్. కెనడా మాత్రం ఎవరికీ తట్టేది కాదు. అంత పెద్ద దేశానికి ఒక్కటే పొరుగా అని నోళ్ళు తెరిచేవాళ్ళు. ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో జాగ్రఫీ చెప్పేదాన్ని నేను. కొత్త క్లాసు మొదలైనప్పుడల్లా ఈ ప్రశ్న వెయ్యడం నాకు సరదా. అరవై తొమ్మిది తరవాత ఆ ప్రశ్న మళ్ళీ వెయ్యలేదు.

పోర్చుగల్‌కి ఏం భయం లేదు, వెనక సముద్రం ఉంది. పొరుగువాడు తలుపు మూస్తే పడవెక్కి పోవచ్చు. డెన్మార్కూ అంతే. అసలు అవస్థ లెసోతోది. దానికి కొత్తగా స్వతంత్రం వచ్చిందని మా బడికి కొత్త మ్యాపు తెప్పించారు. చుట్టూ దక్షిణాఫ్రికా, నడుమ బొట్టుబిళ్ళంత లెసోతో. ఉప్పు తెచ్చుకోవాలన్నా, చుట్టాన్ని పిలుచుకోవాలన్నా, రోగిని డాక్టరు దగ్గరికి మోసుకుపోవాలన్నా ఆ ఒక్క పొరుగువాడి నేల మీదుగానే. ఆ మ్యాపు గోడకి తగిలిస్తూ, ఇదేదో మా ఇంటి ప్లానులా ఉందే అనుకున్నాను. అప్పుడు నవ్వొచ్చింది కూడా.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడగానే మా వారి ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదుకి వచ్చింది. ఆఫీసు వెనక ఆయన, ఆయన వెనక నేను. మాది గుంటూరు జిల్లా. ఇక్కడ ఇల్లు అద్దెకుందా అంటే "కిరాయికా?" అని ఎదురు అడిగేవాళ్ళు, మేం ముఖముఖాలు చూసుకునేవాళ్ళం. తిరిగి తిరిగి చివరికి నాంపల్లి స్టేషను దగ్గర ఒక సందులో పట్టుకున్నాం. ముందు భాగం మగవాళ్ళకి, వెనక భాగం ఆడవాళ్ళకి అని కట్టుకున్న రోజుల నాటి పెద్ద ఇల్లు. ఆ వెనక భాగం, జనానా అనేవాళ్ళు, అది మాకిచ్చారు. ఆడవాళ్ళకి వీధిలో పనేముంటుంది అనుకున్నారు కాబోలు, దానికి వీధి గుమ్మమే పెట్టలేదు. వెనక ఒక బట్టల కొట్టు వాళ్ళ గోడౌను గోడ, రెండు నిలువుల ఎత్తు. ఒక పక్క స్టేషను సరుకుల షెడ్డు. ఇంకో పక్క ఎవరిదో కిటికీ కూడా లేని మొండి గోడ. మేం బయటికి పోవాలంటే ముందింటి వాకిట్లోంచి, వాళ్ళ నీళ్ళ పంపు పక్కనుంచి, వాళ్ళ నులక మంచం చుట్టూ తిరిగి పోవాలి.

ముందింట్లో ఉండేది ఇంటావిడే. భర్త నిజాం కాలంలో ఏదో దఫ్తరులో పని చేసి పోయారు. ఆవిడా, ఒక్క కొడుకూ. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. పిన్ని చివర గారేంది అని నవ్వేది. మేం దిగిన రోజే ఆవిడ మాకు ఆ ఇంటి పద్ధతి చెప్పింది. మధ్య తలుపుకి రెండు వైపులా ఇత్తడి కడియాలున్నాయి. ఇటువాళ్ళు అటు వెళ్ళాలన్నా, అటువాళ్ళు ఇటు రావాలన్నా కడియాన్ని మూడుసార్లు ఆడించి కాసేపు ఆగాలి. అవతల ఎవరు ఏ అవతారంలో ఉన్నా సర్దుకుంటారు. పరదాలున్న రోజుల మర్యాద అది. గడియ మాత్రం మా వైపే ఉండేది, వాళ్ళ వైపు లేదు. ఆడవాళ్ళను బయటి నుంచి బంధించే ఇల్లు కాదు మాది అని ఆవిడ గొప్పగా చెప్పుకునేది.

మొజంజాహీ మార్కెట్లో కొన్న పళ్ళ సంచి ఆవిడ కళ్ళు దాటి మా ఇంట్లోకి వచ్చేది కాదు. బత్తాయిలు కనిపిస్తే ఎవరికి ఒంట్లో బాగాలేదని అడిగేది. ఊరి నుంచి మా చుట్టాలు దిగితే ముందు ఆవిడే పలకరించి, ఎందుకొచ్చారో ఎన్నాళ్ళుంటారో తేల్చుకుని, అప్పుడు లోపలికి వదిలేది. కస్టమ్స్ వాళ్ళు నయం అని మా వారు పళ్ళు నూరేవారు. నేను గోంగూర పచ్చడి ఇస్తే, పుంటికూరలో ఇంత కారమేంది అని మూతి తిప్పుకుంటూనే గిన్నె ఖాళీ చేసి, ఆ గిన్నెలోనే సర్వపిండి ముక్కలు పెట్టి పంపేది. పోట్లాడుకున్నాం, ఇచ్చిపుచ్చుకున్నాం, పదేళ్ళు దాటిపోయాయి.

నేను పిరికిదాన్ని. బల్లి అంటే భయం, రిక్షా ఒక పక్కకి వాలితే భయం, టెలిగ్రాం మనిషి సైకిలు బెల్లు వినిపిస్తే గుండె జారిపోయేది. అయినా ఆ మధ్య తలుపంటే ఏనాడూ భయపడలేదు. వాళ్ళబ్బాయి చిన్నప్పుడు సాయంత్రాలు వచ్చి నా దగ్గర మ్యాపులు గీసేవాడు. నదులకి నీలం పెన్సిలు అరగదీసేసేవాడు. నన్ను అక్కా అనేవాడు. మాకు అమ్మాయి పుట్టాక దాన్ని భుజాన ఎక్కించుకుని స్టేషనుకి తీసుకుపోయి రైలింజన్లు చూపించేవాడు. అరవై తొమ్మిదికల్లా కాలేజీలో డిగ్రీ చదువుతున్నాడు. మీసాలొచ్చాయి, గొంతు మారింది.

ఆ ఏడు తెలంగాణ వేరు కావాలని విద్యార్థులు రోడ్ల మీదికొచ్చారు. బడులూ కాలేజీలూ మూతపడ్డాయి. తమకి రావలసిన ఉద్యోగాలు మావాళ్ళు ఎగరేసుకుపోయారని వాళ్ళ కోపం. మా వారి ఆఫీసులో ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు కాబట్టి ఆ కోపం ఉత్తదని నేననలేను. కానీ ఎదుటివాడి కోపంలో న్యాయం ఉందని తెలిస్తే భయం తగ్గుతుందా? ఇంకా ఎక్కువవుతుంది. అఫ్జల్‌గంజ్‌లో బస్సు తగలబడిందని ఒక రోజు, లక్డీకాపూల్ దగ్గర మావాళ్ళ హోటలు అద్దాలు పగిలాయని ఇంకో రోజు. ఏది నిజమో ఏది పుకారో తెలిసేది కాదు. మా వారితో పని చేసే ఒకాయన పెళ్ళాంపిల్లల్ని బెజవాడ రైలెక్కించేశారు. మిమ్మల్నీ పంపేస్తానని మా వారు అంటే, మిమ్మల్ని ఒక్కరినీ వదిలి పోనని నేనన్నాను. స్టేషను పక్కన కాపురం ఉండి రైలెక్కనంటావేమిటని ఆయన కేకలేశారు. అలాగే ఉండిపోయాం.

వాళ్ళబ్బాయి నాతో మాట్లాడడం మానేశాడు. వాళ్ళ ముందు గదిలో, వాకిట్లో మంచం మీద రోజూ స్నేహితులు చేరి మీటింగులు పెట్టేవాళ్ళు. గోడకి ఇవతల వంట చేసుకుంటూ చెవులు రిక్కించేదాన్ని. మాటలు తెలిసేవి కావు, మధ్య మధ్య "ఆంధ్రోళ్ళు" అన్నది మాత్రం స్పష్టంగా తెలిసేది. పప్పు కడుగుతున్న చేతులు నీళ్ళలోనే ఆగిపోయేవి. పాలకి పోవాలంటే వాళ్ళ మధ్య నుంచే పోవాలి. నేను కడియం ఆడించగానే అటు మాటలు ఠక్కున ఆగేవి. తల వంచుకుని, మంచం చుట్టూ తిరిగి, వీధిలో పడేదాన్ని. ఎవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు. ఏమైనా అంటే బాగుండు అనిపించేది.

వీధిలో నోరు విప్పొద్దని మా వారి ఆజ్ఞ. నోరు విప్పితే మేం ఎక్కడివాళ్ళమో ఇట్టే తెలిసిపోతుంది. అమ్మాయికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఇక్కడే పుట్టి ముందింటి వాకిట్లో పెరిగింది, దాని మాట అచ్చం వాళ్ళ మాటే. అంతకుముందు "గట్లా" అంటే "అలా" అనమని దిద్దేదాన్ని. ఆ వేసవిలో దిద్దడం మానేశాను. కొట్టు దగ్గర నేను వేలు పెట్టి చూపిస్తే అది "జర చింతపండు ఇయ్యిండ్రి" అని అడిగేది. రిక్షావాడితో బేరమూ అదే. నలుగురికి పాఠాలు చెప్పే నేను మూగదానిలా కూతురి పక్కన నిలబడేదాన్ని. ఒకసారి ఇంటికొచ్చాక, "అమ్మా, నువ్వు మాట్లాడితే మనల్ని కొడతరా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. అది నా ముఖం చూసి నమ్మలేదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం మా మధ్య తలుపు మీద సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. గడియ తియ్యడానికి ధైర్యం చాలక చప్పుడు ఆగేదాకా లోపలే నిలబడ్డాను. తరవాత కడియం ఆడించి తొంగి చూశాను. వడ్రంగి పనిముట్లు సర్దుకుని పోతున్నాడు. ఏనాడూ గడియ లేని అటువైపు కొత్త ఇనప గొలుసు, పైన కొంకి, ఆ కొంకికి వేలాడుతూ అరచెయ్యంత తాళం. పిన్నిగారు పక్కనే పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఇదేంటి పిన్నిగారూ అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? అడగలేదు నేను. ఆవిడా తలెత్తలేదు. ముందు గదిలో కొడుకు, వాడి స్నేహితులు ఉన్నారు. నేను తలుపు మూసుకుని లోపలికొచ్చి గోడకి ఆనుకుని కూలబడ్డాను. ఆడవాళ్ళను బయటి నుంచి బంధించే ఇల్లు కాదన్న మనిషి మా తలుపుకి బయటి నుంచి తాళం ఏర్పాటు చేసింది.

సాయంత్రం మా వారితో చెబితే, అడగలేకపోయావా అని విసుక్కున్నారు. వాకిట్లోకి వెళ్ళి, ఆ తాళం వంక చూసి, చెంబుడు నీళ్ళు పట్టుకుని, ఆయనా అడక్కుండానే తిరిగొచ్చారు. ఆ తాళం ఎప్పుడు పడుతుందో, పడ్డాక సందులోంచి ఎవరెవరు వస్తారో, కిరసనాయిలు డబ్బాతో వస్తారో ఉత్తి చేతులతో వస్తారో, ఇవే ఆలోచనలు. ఆయన ఆఫీసుకెళ్ళాక ఒక రోజు రుబ్బురోలు మీద స్టూలేసి, దాని మీద నేనెక్కి, గోడౌను గోడ పైకి చెయ్యి చాచాను. అందలేదు. అందినా లాభం లేదు, పైన గాజు పెంకులు పాతారు. కిందికి దిగాను. ఏం చేస్తున్నవమ్మా అని అమ్మాయి అడిగితే బల్లిని తోలుతున్నానని చెప్పాను. లెసోతోలో కూడా ఎవరో ఒక ఇల్లాలు ఇలా స్టూలేసుకుని చూసే ఉంటుంది.

తాళం సంగతి పక్కన పెట్టి నిద్రపోగలిగే దశకి నేనింకా రాకముందే ఆ రోజు వచ్చింది. పొద్దున మా వారు మామూలుగా నడుచుకుంటూ ఆఫీసుకి వెళ్ళిపోయారు. అన్నాలు తిని అమ్మాయికి జడ వేస్తుండగా స్టేషను రోడ్డు వైపు నుంచి నినాదాలు వినిపించాయి. రోజూ వినేవే. కానీ ఆ రోజు మధ్యలో తెగిపోయాయి. వెంటనే ఈలలు, ఢబ్బు ఢబ్బుమని ఏవో పేలుతున్న చప్పుడు, సందులో పరుగులు. కాసేపటికి గాలిలో ఏదో ఘాటు, మిరపకాయలు మాడిన దానికన్నా పదింతలు. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. బాష్పవాయువు అన్న మాట పేపర్లో చదవడమే తప్ప అదెలా ఉంటుందో నాకు తెలియదు. ఇల్లు తగలబెట్టారనే అనుకున్నాను. గడియ బిగించి, ట్రంకు పెట్టె ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టి, దాని మీద కూర్చున్నాను. అమ్మాయి నా చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని ఉంది.

అప్పుడు కడియం ఆడింది, తలుపు విరగ్గొడుతున్నట్టు కాదు, రోజూ ఆడినట్టే మూడుసార్లు ఆడి ఆగింది. ఆ పద్ధతి తెలిసింది ఆవిడకొక్కదానికే కాదు, కొడుక్కీ తెలుసు, రోజూ ఆ మంచం మీద కూర్చునే వాడి స్నేహితులందరికీ తెలుసు. మళ్ళీ మూడుసార్లు ఆడింది. తరవాత పిన్నిగారి గొంతు, తలుపు సందుకి నోరు ఆనించి మెల్లిగా.

"టీచరమ్మా, తలుపు తియ్యి. నేనొక్కదాన్నే లేను. నా కొడుకున్నడు."

ఆ మాట నేను ఇప్పటికీ తలుచుకుంటాను. ఒక్కదాన్నే వచ్చాను అని చెబితే నేను ఇంకా సులువుగా తీసేదాన్ని, ఆవిడకి ఆ సంగతి తెలుసు. అయినా ఉన్నదున్నట్టు చెప్పింది. నన్ను మోసం చెయ్యదలుచుకున్న మనిషి అలా చెప్పదని ఆ క్షణంలో ఎలా తట్టిందో తట్టింది. ట్రంకు పెట్టె జరిపి గడియ తీశాను. ఆవిడ కొడుకుని లోపలికి తోసింది. చొక్కా చిరిగి, చెవి వెనక నుంచి నెత్తురు కారి, కళ్ళు తెరవలేకుండా ఉన్నాడు. పోలీసులు సందు మొదట్లో ఉన్నారట, ఇల్లిల్లూ చూసుకుంటూ వస్తున్నారట. ఈ ఇంట్లో ఏ గొడవొచ్చినా అందరూ వెనకకే వచ్చేవాళ్ళని, అత్తగారి నాటి నుంచి అలవాటని ఆవిడ గబగబా చెప్పింది. నాకు బోనులా కనిపించే భాగం ఆవిడ లెక్కలో ఇంటి మొత్తానికి భద్రమైన చోటన్నమాట. ఇంకో మాటకి తావివ్వకుండా తలుపు లాక్కుంది. గొలుసు ఎక్కింది. తాళం పడింది.

అన్నాళ్ళూ భయపడిన చప్పుడు అదే. అది విన్నాను, అయినా బతికే ఉన్నాను. కాకపోతే లోపల మేం ఇద్దరం కాదు ముగ్గురం. మమ్మల్ని వెళ్ళిపొమ్మని రోడ్డు మీద అరిచి వచ్చిన కుర్రాడు నా వంటింటి గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు. వాడు దొరికితే మాకేమవుతుందో, దొరక్కపోతే మాకేమవుతుందో రెండూ తెలియవు.

బూట్ల చప్పుడు వాకిట్లోకి వచ్చింది. కొడుకేడి అని అడిగారు. పొద్దున పోయినోడు రాలేదని ఆవిడ చెప్పింది. వెనక ఎవరుంటారని అడిగారు. "కిరాయిదార్లు. ఆంధ్రోళ్ళు. భయపడి ఊరికి పోయిన్రు. చాబీ ఆళ్ళ తాన్నే ఉన్నది" అని, గొంతులో వణుకన్నది లేకుండా చెప్పింది. ఎవరో వచ్చి తాళాన్ని పట్టుకుని లాగారు. తలుపు ఒకసారి ముందుకీ వెనక్కీ కదిలింది.

అదే సమయానికి అమ్మాయికి దగ్గు తెర వచ్చింది. ఆ ఘాటుకి పెద్దవాళ్ళమే తట్టుకోలేకపోతున్నాం, చిన్నపిల్ల ఎంతకని ఆపుకుంటుంది? గొంతులో గురగుర మొదలైంది. నేను చేత్తో దాని నోరు మూస్తే ఇంకా గిలగిలలాడింది. ఆ కుర్రాడు వంగి, బిందెలో చెయ్యి పెట్టి, తన చేతిరుమాలు తడిపి, దాన్ని ఒళ్ళోకి లాక్కుని ముక్కూ నోరూ కప్పేశాడు. పిల్లకి ఊపిరాడకుండా చేస్తున్నాడనుకున్నాను. రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకుని గోళ్ళు దిగేలా గుంజాను. వాడు వదల్లేదు, అరవలేదు. తల అడ్డంగా ఊపుతూ, ఊపిరి తీసుకో అన్నట్టు దానికి తన ఛాతీ మీద చేత్తో చూపిస్తున్నాడు. అమ్మాయి ఆ తడిగుడ్డలోంచి ఒక ఊపిరి తీసుకుంది, ఇంకోటి తీసుకుంది. దగ్గు అణిగింది. అప్పుడు నేను చేతులు వదిలాను.

పోలీసులు వెళ్ళిపోయారు, కానీ అందరూ కాదు. కొడుకు తిరిగొస్తే పట్టుకోవడానికి ఒక కానిస్టేబుల్ని వాకిట్లో నులక మంచం మీద కూర్చోబెట్టి పోయారు. మా తలుపుకి అంత దగ్గర. అతను తమలపాకు నములుతున్న చప్పుడు కూడా వినిపించేది. మేం ముగ్గురం వంటింట్లో నేల మీద కూర్చున్నాం. గిన్నె కదపలేదు, లేచి నిలబడలేదు. అమ్మాయి వాడి ఒళ్ళోనే నిద్రపోయింది. చాలాసేపటికి వాడు నా చెవి దగ్గరికి వచ్చి, "మా రాష్ట్రం మాగ్గావాలె అక్కా. గది వేరే ముచ్చట" అన్నాడు. ఎన్నో నెలల తరవాత అక్కా అన్నాడు. నేను తల ఊపాను, వేరే ముచ్చటేలే అన్నట్టు. నా కొంగు చింపి వాడి చెవి వెనక అద్దాను.

ఇంకా పొద్దు వాలకుండానే వీధి గుమ్మంలో మా వారి దగ్గు వినిపించింది. గొడవల మూలంగా ఆఫీసు ముందే వదిలేశారు. మా వారు అబద్ధం ఆడలేరు. మంచితనం అనుకునేరు, చేతకాదు. ఎవరైనా తప్పు చెబితే దిద్దకుండా ఉండలేరు కూడా, పొద్దస్తమానం ఆఫీసులో అదే పని. ఇప్పుడు ఆయన వస్తారు, తాళం చూస్తారు, మా వాళ్ళేరని అడుగుతారు. పొద్దున ఇంట్లోనే ఉన్నారు కదండీ, ఏ ఊరు వెళ్ళారు అని ఆ కానిస్టేబులు ముందే అంటారు. అక్కడితో తాళం బద్దలవుతుంది. తలుపు సందులోంచి కేకెయ్యలేను, చెయ్యి ఊపలేను. కుర్రాడు నా వంక, నేను వాడి వంక చూసుకుంటూ బిగుసుకుపోయాం.

అడుగులు మంచం దాకా వచ్చి ఆగాయి. తాళం చూసినట్టున్నారు. ఎవరు నువ్వని కానిస్టేబులు అడిగేలోపే పిన్నిగారి గొంతు గట్టిగా వినిపించింది.

"ఏం కొడుకా, మీవాళ్ళను బండెక్కించి వచ్చినవా? చాబీ నీ భార్య తోనే పాయెనా ఏంది?"

ఆవిడ మా వారిని ఎప్పుడూ "సార్" అనే అనేది. ఇన్నేళ్ళలో ఇంకో పిలుపు లేదు. కొడుకా అన్న పిలుపు ఆ ఇంట్లో ఒక్కడికే ఉండేది, వాడు నా పక్కన కూర్చుని ఉన్నాడు.

అటు ఏ చప్పుడూ లేదు. ఆయన ముఖం నాకు కనిపించడం లేదు. ఆ తాళం వెనక మేం ఉన్నామో లేమో ఆయనకి తెలియదు. మమ్మల్ని ఎవరో ఈడ్చుకుపోయారనుకున్నా, పిన్నిగారే వెళ్ళగొట్టిందనుకున్నా ఆయన్ని తప్పు పట్టే పని లేదు.

"అవునండీ. తాళంచెవి దాని దగ్గరే ఉండిపోయింది" అన్నారు మా వారు.

మరి ఎక్కడ పడుకుంటావని కానిస్టేబులు అడిగాడు. స్టేషన్లో అన్నారు. అడుగులు వెనక్కి తిరిగాయి, వీధి గుమ్మం దాటాయి. నేను నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. కుర్రాడు కూడా ఏడ్చాడు, పొగ మూలంగా కాదు.

దీపాలు పెట్టే వేళకి ఎవరో వచ్చి ఆ కానిస్టేబుల్ని పిలుచుకుపోయారు. పిన్నిగారు రవికెలోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. కొడుకుని కౌగిలించుకోలేదు, నెత్తిన ఒకటి మొట్టింది. బంధువుల ఇంటికి పొమ్మని వాడి చేతిలో వాళ్ళ నాన్న పాత కోటు పెట్టి పంపేసింది. వాడు పోయాక నేను ఆ గొలుసు వంక చూస్తుంటే, ఆవిడే చెప్పింది. మాకోసమే పెట్టించిందట. ఎవరైనా మా మీదికి వస్తే మమ్మల్ని లోపలుంచి బయట తాళమేసి, ఊరికి పోయిన్రు అని చెబుదామనుకుందట. ముందే ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ అని అడిగాను. "చెప్తే మా పోరగాడు వింటడు. ఆని దోస్తులు వింటరు. గోడలున్నయా ఈ ఇంటికి?" అంది. అంతలోనే గొంతు తగ్గించి, "వానికే ముందు పనికొస్తదని నాకేమెరుక" అని పంపు దగ్గరికెళ్ళి ముఖం కడుక్కుంది.

మా వారు స్టేషను నుంచి వచ్చేసరికి నేను కాఫీ కలుపుతున్నాను. తలుపు బార్లా తెరిచి ఉంది. కడియం ఆడించకుండా నేరుగా వచ్చేశారు, ఆ ఇంట్లో ఆయన ఆ పని చెయ్యడం అదొక్కసారే. నిద్రపోతున్న అమ్మాయిని చూశారు, నన్ను చూశారు, గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు. జరిగిందంతా చెప్పాను. చెప్పడం అయ్యాక నాకు కోపం వచ్చింది. మేం ఉన్నామో పోయామో తెలియకుండా, ఒక్క మాట కూడా అడక్కుండా అలా ఎలా వెళ్ళిపోగలిగారండీ అని నిలదీశాను.

"ఇంకేం చెయ్యమంటావు? ఉన్నది ఆవిడ ఒక్కతే. ఆవిణ్ణి నమ్మితే మీరు లోపల ఉన్నట్టు, నమ్మకపోతే అసలు లేనట్టు. బెంచీ మీద కూర్చుని అంతసేపూ నమ్ముతూనే ఉన్నాను" అన్నారు.

కాఫీ గ్లాసు అందించాను. అందుకోబోయి పట్టుకోలేకపోయారు. నేనే పట్టుకుని తాగించాను.